చేప, చాప

ఆదివారం పొద్దున రామ్‌నగర్‌ల
నా కాలి కింద కత్తిపీట.
కత్తి కూసుంటది, చేప నడిచొస్తది.
పొద్దుమీకి లాలగూడ క్వార్టర్ల వెనక
బర్నబాస్ సార్ డాబా మీద
చాప నిలబడ్తది, కత్తి నడిచొస్తది.
ఒక్క గుణింతం తేడా.
చేతులు వణికేది మాత్రం రెండోదానికే.

సారు రైలు డబ్బాల కార్ఖానల
ముప్పైరెండేండ్లు వెల్డింగు చేసిండు.
జపాన్ కత్తి పట్టుడు యాడ నేర్చినవంటే
ఒక్కోసారి ఒక్కో ఊరి పేరు చెప్తడు.
కొర్రమీను కొననీకొచ్చి నా మణికట్టు చూసిండు.
"ఈ చెయ్యి చేపలతోనే ఆగిపోతదా?" అన్నడు.
బేరం ఆడలే. అందుకే పోయిన.

చాపలు తెచ్చే పని నాది.
జపాన్ చాప ఈడెక్కడ దొరుకుతది?
అమీర్‌పేటల హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు
పాత తుంగచాపలు కట్టకింత అని ఇస్తరు.
చుట్టి, మూడుచోట్ల సుతిలి బిగించి
నీలం డ్రమ్ముల రాత్రంత నానేస్త.
తెల్లారి మూత తీస్తే చెరువు వాసన.
నాకది కొత్త గాదు.

"నానిన చాప మనిషి కండ లెక్క,
నడుమ బొంగు పెడితే ఎముక లెక్క" అంటడు సారు,
ఉప్పు కారం సంగతి చెప్పినంత నిమ్మళంగ.
కింది వాటా జరీనా ఆపా మెట్లకాడికెల్లి అరుస్తది:
"హర్ ఇత్వార్ కాట్‌తేచ్ రైతే,
కుచ్ పకాతే భీ కి నై?"

మొదటిసారి నా కత్తి చాప నడుమ ఇరికింది.
బలమంత పెట్టిన గదా.
చాప వంగి నా మొఖం చూసినట్టయింది.
పండ్ల డాక్టర్ చదివే అభిజ్ఞ
నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది.
సారు కత్తి గుంజి తీసి, ఒక కన్ను మూసి,
వంపు వొయ్యిందేమోనని అంచు పొంటి చూసిండు.
"కొట్టకు. గీత గియ్యి."

ఒకనాడు పిడి ఊడదీసి నూనె రాస్తున్నడు.
ఇది కొత్త కత్తి, తోక ఇనుము మీద ఏం లేదు.
పాతకాలం కత్తులకైతే ఈడ చెక్కేటోళ్లంట,
ఒక్క వేటుకు ఎన్ని పీనుగులు తెగినయో,
ఏ నెలల, ఎవని చేత.
పిడి కిందనే. ఎవలకు కనబడకుండ.
"తెగినోళ్ల పేర్లు?" అన్న.
చాయ్ చల్లారిందని సారు లేచి పోయిండు.

పోయిన వారం నానేసే ముందు
ఒక చాప దులిపి విప్పిన.
తలకాయ పెట్టేకాడ కొబ్బరినూనె మరక,
అరచేతంత. పక్కన మార్కర్‌తోని
సైదులు, బెడ్ 14.
కింద దినాల గీతలు, ఐదేసి కట్టలు.
ఆఖరి కట్టల మూడే.
నౌకరొచ్చిందో, ఊరికి వొయ్యిండో,
గీతలు గీసుడే యాష్టకొచ్చిందో.
ఆనాడు ఇంకో చాప లేదు.
పేరు లోపలికొచ్చేటట్టు చుట్టిన.

నిలబడ్డ. ఊపిరి ఇడిచిన.
చప్పుడు రాలే.
మీది ముక్క ఉన్నకాడనే ఉన్నది కొంచెంసేపు,
తెగిన సంగతి తనకింక తెల్వనట్టు.
అటెన్క జారింది.
అందరు చప్పట్లు. సారు కొట్టలే.
"ఇగో, ఇదీ గంగామణీ" అన్నడు, అంతే.

నేను సుతిలి తెంపి విప్పి చూసిన.
గీసింది ఒక్క గీతనే, ఏటవాలుగ.
విప్పితే అంచు పొడుగంత అలలు అలలు,
వల ఏసినంక కదిలే నీళ్ల తీరు.
సైదు ఒక దిక్కు.
లు ఒక దిక్కు.
ఏడో తరగతిల బహువచనం అని
పంతులమ్మ బోర్డు మీద రాసిన అక్షరం
ఒక్కడే పండుకున్న చాప మీద.

తుక్కంత బస్తాలకెత్తిన.
ఆ ఒక్క ముక్క ఎండబెట్టి
కత్తిపీట కింద పరిసిన. జారకుంట ఉంటది.
"అక్కా, బొచ్చె జెర చిన్న ముక్కలు" అంటరు గిరాకీలు.
కాలు గట్టిగ అదిమి పెడ్త.